ఖాస్రా నుంచి భూభారతి దాకా: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో భూదస్త్రాల బదలాయింపు

ఒక దత్తాంశ నిధి నుంచి మరొక దానికి సమాచారాన్ని తరలించడం కంప్యూటరు నిపుణుల వ్యవహారంగా పరిగణింపబడుతున్నది. పాత పట్టికలోని ఏ గడి కొత్త పట్టికలో ఏ గడికి చేరవలెను, దేనికి చోటు లేదు అన్న నిర్ణయమే ఆ తరలింపునకు ప్రాణం. భూమి విషయంలో ఈ నిర్ణయం హక్కుల నిర్ణయంగా మారుతుంది. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల చరిత్రలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

నిజాం రాజ్యంలో మొదటి సాలార్‌జంగ్ సంస్కరణల అనంతరం సర్వే, బందోబస్తు జరిగి సేత్వార్ వంటి మూల దస్త్రాలు ఏర్పడినాయి. 1880ల్లో అధికార వ్యవహారాలలో పారసీ స్థానాన్ని ఉర్దూ ఆక్రమించింది. పోలీసు చర్య తరువాత 1949లో జాగీర్లు రద్దయినాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. ఈ నేపథ్యంలో 1954-55లో, అనగా 1364 ఫసలీలో, ఖాస్రా పహాణీ తయారైనది. సర్వే నంబరు వారీగా పట్టాదారుతో పాటు సాగులో ఉన్నవారిని కూడా నమోదు చేయడం దీని విశేషం. నేటికీ న్యాయస్థానాలలో దీనికి సాక్ష్యంగా ఎనలేని విలువ ఉన్నది.

తరువాతి పహాణీలు క్రమంగా తెలుగులోకి మారినాయి. ఉర్దూలో అలీఫ్, బే, జీమ్ అని గుర్తించిన ఉపవిభాగాలు అ, ఆ, ఇ అయినాయి. లిపి మార్పు చిన్న విషయంగా తోచవచ్చును. అయితే ఉర్దూ చేతివ్రాతలో చుక్క చెరిగితే అక్షరమే మారుతుంది. తప్పుగా చదివిన ఒక పేరు మరుసటి ఏటి పహాణీలోకి యథాతథంగా ఎక్కే అవకాశముండినది. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయి, 1985లో తాలూకాల స్థానే మండలాలు ఏర్పడుటతో దస్త్రాలు చేతులు మారినాయి.

పట్టాదారు గడికీ అనుభవదారు గడికీ మధ్యనున్న దూరమే ఈ ప్రాంత రాజకీయ చరిత్రలో ప్రధానాంశం. 1978 సెప్టెంబరులో జరిగిన జగిత్యాల జైత్రయాత్ర వెట్టి, కూలి రేట్లతో పాటు దొరల అధీనంలోని బంజరు, ప్రభుత్వ భూముల ప్రశ్నను కూడా ముందుకు తెచ్చింది. అదే ఏడు అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దున్నేవాని పేరు ఏ గడిలో ఉన్నది, అసలు ఉన్నదా అన్న ప్రశ్నకు ఇక్కడ ఇంతటి చరిత్ర ఉన్నది. దానిని కేవలం గణాంక సౌలభ్యంగా చూడటం చరిత్ర తెలియనితనమే.

పహాణీ వివరాలు వెబ్‌ల్యాండ్ అనే కంప్యూటరు వ్యవస్థలోకి చేరినపుడు కొత్త చిక్కులు తలెత్తినాయి. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. కోరుట్ల మండలంలోని ఒక రైతుకు రెండు చోట్ల 3.20, 2.30 అని వ్రాసిన భూములున్నాయనుకొందము. గుంటల లెక్కన మొత్తం 6 ఎకరాల 10 గుంటలు. యంత్రం వాటిని దశాంశాలుగా కూడితే 5.50, అంటే ఐదున్నర ఎకరాలు. ముప్పై గుంటలు ఏ దొంగా లేకుండానే మాయమైనాయి! ఉపవిభాగాల విస్తీర్ణాల మొత్తం సేత్వార్‌లోని మూల విస్తీర్ణంతో సరిపోవలెనన్నది పాత రెవెన్యూ నియమం. నేటి నిపుణులు తరలింపు తరువాత చేసే సరిపోలిక పరీక్ష దీనికి మారురూపమే.

2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల ప్రత్యేక జిల్లాలైనాయి. సంవత్సరం తిరగకముందే, 2017 సెప్టెంబరులో, భూరికార్డుల ప్రక్షాళన ఆరంభమైనది. వివాదం లేని భూములను పార్ట్-ఏ లోను, వివాదాస్పదమైన వాటిని పార్ట్-బి లోను చేర్చినారు. సందేహాస్పద సమాచారాన్ని వేరుచేసి ఉంచడం తరలింపు శాస్త్రానికి అనుకూలమే. అయితే పార్ట్-బి లో పడిన రైతుకు అది నిరీక్షణగా మారినది. 2018 మే 10న ఆరంభమైన రైతుబంధు సహాయం కొత్త పాసుపుస్తకంతో ముడిపడి ఉండినది.

2020 అక్టోబరు 29న ధరణి ఆరంభమైనది. అనుభవదారు గడికి అందులో స్థానం లేకపోయినది. ఆ గడి వివాదాలకు మూలమన్నది ప్రభుత్వ వాదన. ఈ వాదనలో కొంత నిజమున్నది: పట్వారీ కలం పోటుతో ఏటేటా మారగల గడి అది. అయినను వివాదాన్ని నమోదు చేసే గడిని తొలగించినంత మాత్రాన వివాదం తొలగదు. సాదాబైనామాతో కొన్నవారికి, కౌలుదారులకు తమ సాగును చూపుకొనే ఆధారం తగ్గినది. పైగా 2020 నాటి చట్టం తహసీలుదారుకు తప్పులు సవరించే అధికారాన్ని దాదాపుగా లేకుండా చేసినది. దానితో దరఖాస్తు రకాలు ఒకదాని వెంట ఒకటి పోర్టల్‌లో చేర్చవలసి వచ్చింది. తప్పు దొరికినపుడు వెనుకకు మరలే దారిని ముందే ఏర్పరచుకొనకపోవడం ఈ తరలింపులోని ప్రధాన లోపం.

2025 ఏప్రిల్ 14న ఆరంభమైన భూభారతి అప్పీలు వ్యవస్థను తిరిగి తెచ్చింది. ధరణి నుంచి అందిన సమాచారమే దానికి పునాది కనుక పాత తప్పులు వాటంతటవే సమసిపోలేదు. వాటిపై వివాదం వచ్చినపుడు జగిత్యాల రైతు అయినా, సిరిసిల్ల రైతు అయినా 1954-55 ఖాస్రా పహాణీ నకలు కోసం దరఖాస్తు చేయవలసి వస్తున్నది.