మన బూత్‌లో బయటి ఊరి మనిషి ఎందుకు కూర్చుంటాడు? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఎన్నికల డ్యూటీ కథ

ఎలక్షన్లు వచ్చాయంటే చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, పోలింగ్ బూత్‌లో కూర్చునేవాళ్లకు ఎంత ఇస్తారు? ఆ పని మేం కూడా చేయొచ్చా?"

అమెరికా లాంటి దేశాల్లో అయితే చేయొచ్చు. అక్కడ స్థానికులే పేరిచ్చి, ట్రైనింగ్ తీసుకుని, ఆ రోజుకు ఇంత అని డబ్బు తీసుకుని బూత్ నడుపుతారు. మన దగ్గర లెక్క వేరు. టీచర్లు, గుమస్తాలు, రకరకాల ప్రభుత్వ ఉద్యోగులకు ఆర్డర్ వస్తుంది, వెళ్లాల్సిందే. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో మామూలుగా సొంత అసెంబ్లీ నియోజకవర్గంలో డ్యూటీ వేయరు. ఎవరు ఏ బూత్‌కు వెళ్లాలో కంప్యూటర్ కలిపి తీస్తుంది. నాగర్‌కర్నూల్ సారు కొల్లాపూర్‌లో తేలొచ్చు, కొల్లాపూర్ మేడం అచ్చంపేటలో తేలొచ్చు.

ఇలా ఎందుకు? దీనికి జవాబు మన పాలమూరు చరిత్రలోనే చూడొచ్చు అంటాను నేను.

ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడిపోయినవి. అంతకు చాలా ముందు, నిజాం కాలంలో, ఇది సంస్థానాల నేల. గద్వాల ఒకటి, వనపర్తి ఒకటి, కొల్లాపూర్ రాజధానిగా జటప్రోలు ఒకటి. ఇంకా ఆత్మకూరు, గోపాల్‌పేట. పైన రాజాలు, రాణులు, వాళ్లపైన నిజాం. కింద ఊళ్లో పటేల్, పట్వారీ. భూమి లెక్క పట్వారీ దగ్గర, శిస్తు వసూలు మాలీ పటేల్ దగ్గర, తగాదాలూ నేరాలూ పోలీస్ పటేల్ దగ్గర. తండ్రి తర్వాత కొడుకు. ఏ పొలం ఎవరి పేరున ఉందో కాగితం మీద రాసేది వాళ్లే. రైతు చేతిలో కాగితం లేదు, కలమూ లేదు.

1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిసింది. నాలుగేళ్లు కూడా తిరగకుండానే మొదటి సాధారణ ఎన్నికలు వచ్చాయి. 21 ఏళ్లు నిండితే చాలు. దొరకూ ఒక్కటే ఓటు, దొర దగ్గర జీతమున్న మనిషికీ ఒక్కటే ఓటు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ రోజు బూత్ తాళం కూడా పటేల్ చేతిలోనే పెడితే ఏమయ్యేది? గడప దగ్గర పటేల్ కూర్చుంటే జీతగాడు లోపలికి వచ్చేవాడా? వచ్చినా, భయం లేకుండా ఓటు వేసేవాడా?

అందుకే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం అభ్యర్థి కోసం పనిచేసిన మనిషిని పోలింగ్ సిబ్బందిగా పెట్టొద్దంది. దేశం మొత్తం మీద సుమారు 56 వేల మంది ప్రిసైడింగ్ ఆఫీసర్లు, వాళ్లకు 2 లక్షల 80 వేల మంది సహాయకులు. ఓటర్ల లిస్టులు టైపు చేయడానికే 16,500 మంది గుమస్తాలను ఆరు నెలల కాంట్రాక్టు మీద పెట్టారు. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద గుర్తు అంటించి ఉంటుంది. ఓటరు తనకు ఇష్టమైన గుర్తున్న పెట్టెలో బ్యాలెట్ వేసి రావడమే. అక్షరం రానివాళ్లు కూడా ఎవరి సాయం అడగకుండా ఓటేశారు.

మరి ఊరివాళ్లకు అసలు పనే లేదా? ఉంది. లిస్టు పని ఊరివాళ్లదే. మొదటి ఎన్నికలప్పుడు దేశంలో సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు లిస్టులోంచి పోయాయి. ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో. "ఫలానా వాళ్ల భార్య", "ఫలానా వాళ్ల అమ్మ" అన్నారే తప్ప సొంత పేరు చెప్పలేదు. ఇలాంటివి సరిచేయాలంటే ఇంటింటికీ తిరిగే స్థానిక మనిషే కావాలి. ఇప్పుడు ఆ పని బీఎల్‌ఓది. చాలాచోట్ల అంగన్‌వాడీ టీచరమ్మే బీఎల్‌ఓ.

ఇంకో స్థానిక మనిషి పోలింగ్ ఏజెంటు. బయటి ఆఫీసరుకు మొహాలు తెలియవు కదా. "సార్, ఈయన ఆయన కాదు" అని అభ్యంతరం చెప్పేది ఏజెంటే. అలా ఛాలెంజ్ చేయడానికి ముందు 2 రూపాయలు కట్టాలి. ఇప్పటికీ 2 రూపాయలే!

లిస్టు ఊరి మనిషి దగ్గర, పెట్టె బయటి మనిషి దగ్గర, చూసే కన్ను మళ్లీ ఊరి మనిషిది. ముగ్గురూ ఒక్కటైతే తప్ప మోసం చేయడం కష్టం. పటేల్ దగ్గర ఒక్కచోటే పోగైన అధికారాన్ని ఇక్కడ ముక్కలు చేశారు.

ఫలితం ఏమైంది? వనపర్తి సంస్థానం వారసుడు రామేశ్వరరావు 1957లో మహబూబ్‌నగర్ ఎంపీ అయ్యారు. అదే కుటుంబం నుంచి రాణి కుముదినీ దేవి 1962లో వనపర్తి ఎమ్మెల్యే అయ్యారు. రాజకుటుంబమే, కానీ ఈసారి ఓటు అడిగి గెలిచారు. 1980లలో పటేల్, పట్వారీ వ్యవస్థను ఎన్టీఆర్ ప్రభుత్వం తీసేసింది. అదే ఎన్టీఆర్, 1989లో, ముఖ్యమంత్రిగా ఉండి కల్వకుర్తిలో చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు. ఏ ఊరి బడిలోనో కూర్చున్న ఒక సారు ఓటు వెంట ఓటు వేయిస్తూ పోతే, రాష్ట్రాన్ని ఏలే మనిషి కూడా ఓడిపోవచ్చు.

ఇక డబ్బుల సంగతి. 2025 ఆగస్టులో ఎన్నికల సంఘం రేట్లు పెంచింది. ప్రిసైడింగ్ ఆఫీసరుకు రోజుకు 350 ఉండేది 500 అయింది. పోలింగ్ ఆఫీసరుకు 250 ఉండేది 400 అయింది. దీనికి ముందురోజే సామాను మోసుకుని వెళ్లాలి, రాత్రి బడిలోనే పడుకోవాలి, తెల్లవారుజామునే లేచి ఏజెంట్ల ముందు కనీసం 50 ఓట్ల మాక్ పోల్ చేయాలి. గద్వాల దగ్గర కృష్ణలో ఉన్న గుర్రంగడ్డకు పడవెక్కి వెళ్లాలి. నల్లమలలో అప్పాపూర్ లాంటి చెంచు పెంటలకు అడవి దారిలో వెళ్లాలి. పంచాయతీ ఎన్నికలైతే ఒంటిగంటకు పోలింగ్ ముగించి, రెండింటికి కౌంటింగ్. గులాబీ బ్యాలెట్లు సర్పంచ్‌కు, తెల్లవి వార్డుకు, చేత్తో విడదీసి లెక్కపెట్టాలి. అభ్యర్థుల మనుషులు బయటే ఉంటారు, ఐదారు ఓట్ల తేడా వస్తే ఆ గదిలో ఊపిరి ఆడదు. కూలి లెక్కన చూస్తే ఇది గిట్టే పని కాదు.

ఇంకో మాట. వాళ్లు తమ ఊరి బూత్‌లో లైన్లో నిలబడలేరు. మన ఓటు వేయించడానికి వచ్చి, తమ ఓటు చాలామంది పోస్టల్ బ్యాలెట్‌లో వేసుకుంటారు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి వేలి మీద సిరా పెట్టే మనిషి కొత్త మొహం అయితే విసుక్కోకండి. ఆ మొహం మనకు కొత్తది కావడమే మన ఓటుకు కాపలా. మీ ఇంట్లో, మీ వీధిలో ఎలక్షన్ డ్యూటీ చేసినవాళ్లుంటే కూర్చోబెట్టి అడగండి, ఏ ఊరికి వెళ్లారు, ఆ రాత్రి ఎలా గడిచింది అని. ఆ కథలు ఏ పుస్తకంలోనూ రాసి లేవు.