తుపాను హెచ్చరికలు – తీరప్రాంత ప్రజలు

వాతావరణ మార్పును ఎదుర్కొనడానికి స్థానిక ప్రజలను సిద్ధం చేయాలనే మాట ఈనాడు ప్రభుత్వ నివేదికలలోను, అంతర్జాతీయ సభలలోను విరివిగా వినిపిస్తున్నది. మాట కొత్తదే గాని సమస్య పాతది. బంగాళాఖాతం ఒడ్డున బ్రతికే ప్రజలకు గాలినీ నీటినీ గమనించి మసలుకోవడం ఎవరో వచ్చి నేర్పవలసిన విద్య కాదు. అయినా వారు వేల సంఖ్యలో ఎందుకు చనిపోయారు అనేదే చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న. ముఖ్యంగా కృష్ణా డెల్టా అనుభవాన్ని ఆధారం చేసుకొని ఆ ప్రశ్నను నేనిక్కడ పరిశీలించదలిచాను.

1864 అక్టోబరు 5న కలకత్తాను పెనుతుపాను తాకింది. బెంగాలులో సుమారు 60,000 మంది మరణించారు. నెల తిరగకముందే, నవంబరు 1న, మచిలీపట్నం మీద ఉప్పెన విరుచుకుపడింది. అక్కడ సుమారు 30,000 మంది చనిపోయారు. మరుసటి సంవత్సరం, అంటే 1865లో, కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికలు పంపే ఏర్పాటు జరిగింది. 1875లో వాతావరణ శాఖ ఏర్పడింది. శాస్త్రాభివృద్ధి దృష్ట్యా ఇది గొప్ప ముందడుగు. దానిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని ఆ హెచ్చరిక మొదట ఎవరి కోసం పుట్టిందో గమనించాలి. రేవులో లంగరు వేసిన ఓడల కోసం, వాటిలోని సరుకు కోసం, ఆ సరుకు మీద పెట్టుబడి పెట్టిన వర్తకుల కోసం. నేటికీ తుపాను రోజులలో పత్రికలు ప్రకటించే ప్రమాద సూచికల నంబర్లు ఓడలకు ఉద్దేశించినవే. తాటాకు గుడిసెలో ఉన్న మనిషి ఆ నంబరు విని ఎటు పోవాలో ఆ సూచిక చెప్పదు.

నూట పదమూడేళ్ళ తరువాత, 1977 నవంబరు 19న, దివిసీమలో ఇదే నిజం మరల రుజువయింది. అప్పటికి రేడియో ఉన్నది. తుపాను వస్తున్నదని వాతావరణ శాఖకు తెలుసు. అయినా ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు పదివేల మంది ఉప్పెనలో కొట్టుకుపోయారు. తాటిచెట్టెత్తు అల వచ్చిందని ఆ ప్రాంతంలో నేటికీ చెప్పుకొంటారు. రేడియో లేని ఇంటికి వార్త చేరలేదు. వార్త చేరిన ఇంటికి పోవడానికి చోటు లేదు. డాబా ఉన్నవారు డాబా ఎక్కారు. జాలరులు, వ్యవసాయ కూలీలు, వారి ఆడవాళ్ళు, బిడ్డలు నీటిపాలయ్యారు.

ఈ డెల్టాలో 1977 నుంచి 1988 వరకు గల కాలాన్ని తీసుకొని పీటర్ వించెస్టర్ చేసిన అధ్యయనం మన ఉపాధ్యాయులు తప్పక పరిశీలించదగినది. తుపాను దెబ్బ అందరికీ తగలవచ్చు. మళ్ళీ లేచి నిలబడటం మాత్రం ఆస్తినీ పలుకుబడినీ బట్టి ఉంటుందనే సత్యానికి అది బలమైన ఆధారం. కాడెద్దు చచ్చిపోయిన పేద రైతు అప్పు చేస్తాడు. ఆ అప్పు తీరకముందే మరొక గాలివాన వస్తుంది. కనుక దీనిని కేవలం ప్రకృతి వైపరీత్యం అనడం సగం నిజమే.

ఆ తరువాత తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి. 1990 మే నెలలో ఇంచుమించు అంత తీవ్రమైన తుపానే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. లక్షలాది మందిని ముందుగా తరలించినందువల్ల మరణాలు వెయ్యికి లోపే ఉన్నాయి. బంగ్లాదేశ్ చరిత్ర మరింత స్పష్టంగా ఇదే చెబుతుంది. 1970 నవంబరు 12న అక్కడ కనీసం మూడు లక్షల మంది చనిపోయారు. పాకిస్తాన్ సైనిక పాలకులు చూపిన నిర్లక్ష్యం ప్రజాగ్రహానికి ఆజ్యం పోసింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1972లో, ఊరూరా స్వచ్ఛంద కార్యకర్తల దళాలు ఏర్పడ్డాయి. మైకు పట్టుకొని ఇంటింటికీ తిరిగి చెప్పడమే వారి పని. 1991లో మరల సుమారు 1,38,000 మంది చనిపోయారు. షెల్టర్లు చాలలేదు, మృతులలో స్త్రీలే ఎక్కువ. ఆ పాఠం నేర్చుకొని షెల్టర్లు పెంచారు, స్త్రీలను దళాలలోకి తెచ్చారు. 2007 నాటి సిదర్ తుపానులో మరణాలు సుమారు 3,400.

ఇంతటితో సమస్య తీరిందని కొందరు భావిస్తున్నారు. నేను అంగీకరించలేను. షెల్టరు ప్రాణం కాపాడుతుంది. పడవను, వలను, ఉప్పుబారిన పొలాన్ని కాపాడలేదు. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. రాబోయే ప్రతి ఉప్పెనా ఆ పెరిగిన మట్టం మీది నుంచే లేస్తుంది. నది తెచ్చే ఒండ్రుతో పుట్టిన డెల్టాకు పైనున్న జలాశయాలు ఆ ఒండ్రును రానివ్వడం లేదు. అలల జోరును ఆపే మడ అడవులను అనేకచోట్ల రొయ్యల చెరువులు మింగివేశాయి. తీరాన్ని ఆనుకొని ఉన్న రొయ్యల చెరువులను తొలగించాలని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2005లో వచ్చిన చట్టం ఆ వ్యాపారానికి మరల దారి ఇచ్చింది. లాభం ఒకరిది, ఉప్పెన మరొకరిది.

ఆశకు కూడా ఆధారం ఉన్నది. కృష్ణా, గోదావరి ముఖద్వారాలలో పాడుపడిన మడ నేలలలోకి పోటునీరు పారేటట్లు చిన్న కాలువలు తవ్వి, గ్రామస్థుల భాగస్వామ్యంతో 1990ల చివరి నుంచి అడవిని తిరిగి పెంచారు. పోటు ఎప్పుడు ఎక్కడికి వస్తుందో తెలిసినవారు ఆ జాలరులే కదా! ఇక పరిహారం సంగతి. అది పట్టా వెంట పోతున్నది గాని నాగలి వెంట పోవడం లేదు. కౌలుదారులను గుర్తించడానికి 2011లో చట్టం చేసినప్పటికీ, పొలం మునిగినప్పుడు అనేకమంది కౌలుదారులు వట్టిచేతులతో మిగులుతున్నారు.

ప్రజలను సిద్ధం చేయడమంటే వారికి ఉపన్యాసాలివ్వడం కాదు. షెల్టరు ఎక్కడ కట్టాలి, మడ అడవి ఎవరి అధీనంలో ఉండాలి, పరిహారం జాబితాలో ఎవరి పేరు ఉండాలి అనే విషయాలు తీరవాసులే నిర్ణయించుకొనే అధికారం రావాలి. విద్యార్థులు, ఉపాధ్యాయులు ఇప్పుడే మొదలుపెట్టదగిన పని ఒకటుంది. 1977ను కళ్ళారా చూసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. నీరు ఏ గోడ మీద ఎంత ఎత్తుకు వచ్చింది, ఎవరు ఎటు పరుగెత్తారు, ఎవరికి సాయం అందింది, ఎవరికి అందలేదు అనే వివరాలను వారి నోటనే విని వ్రాసి పెట్టాలి. రేపు గ్రామసభలో అధికారుల ముందు పెట్టడానికి ఆ కాగితాలు కావాలి.