వైజాగ్ నేవీ మారథాన్

వైజాగ్ నేవీ మారథాన్ విశాఖపట్నంలో తూర్పు నౌకాదళ కమాండ్ ఆధ్వర్యంలో జరిగే పరుగు పందెము. ఇది 2014లో ప్రారంభమైనది. పూర్తి మారథాన్ (42.195 కి.మీ.), అర్ధ మారథాన్, 10 కి.మీ., 5 కి.మీ. విభాగాలు కలవు.

మార్గము

పరుగు రామకృష్ణా బీచ్ వద్ద మొదలై, బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దిశగా సాగి, తిరిగి అదే దారిన వస్తుంది. సముద్రపుటొడ్డు దారి గనుక చదునుగా ఉంటుందని కొత్తవారు భావిస్తారు. అది పొరపాటు. ఇక్కడ తూర్పు కనుమల కొండలు ఒడ్డు దాకా వచ్చినందున కైలాసగిరి పాదము వద్ద, తెన్నేటి పార్కు సమీపంలో ఎక్కవలసి వస్తుంది. రుషికొండ ప్రాంతంలోనూ ఎత్తుపల్లాలు కలవు. తిరుగు దారిలో అలసిన కాళ్ళతో ఇవన్నీ మళ్ళీ దాటాలి.

పరుగెత్తేవారి అనుభవము

ఎత్తు కన్న ఉక్కపోతే ఎక్కువ బాధిస్తుంది. గాలిలో తేమ వలన చెమట త్వరగా ఆరదు. చెమట ఆరనిదే ఒళ్ళు చల్లబడదు, గుండె వేగము పెరుగుతుంది. ఇందువలన పూర్తి మారథాన్‌ను తెల్లవారకముందే మొదలుపెడతారు. వెళ్ళేటప్పుడు కుడి చేతి వైపు సముద్రము మీద సూర్యోదయము కనబడుతుంది. చూడదగిన దృశ్యమే కాని, అయిదు గంటలు పట్టేవారికి తిరుగు ప్రయాణము ఆ ఎండలోనే. 2014 అక్టోబరు 12న తీరము దాటిన హుద్‌హుద్ తుఫాను నగరంలో వేలాది చెట్లను కూల్చివేసినది.

దాహము కొద్దీ మంచినీళ్ళే అతిగా త్రాగితే రక్తంలో సోడియం తగ్గి వికారము, తలనొప్పి, తికమక కలుగుతాయి. దీనిని వడదెబ్బగా పొరబడి మరిన్ని నీళ్ళు పట్టించడము ప్రాణాపాయము కావచ్చును.