వేల్సు దేశమున భాషయు స్వత్వమును

ఐరోపాలోని జాతులు నేడు తమ స్వత్వమునుగూర్చి పడుచున్న మథనమును గ్రహింపగోరువారు పెద్ద రాజ్యములకంటె చిన్న దేశములను పరిశీలించుట మేలు; అందును వేల్సు చరిత్రము మిక్కిలి బోధప్రదము. 1536లో ఎనిమిదవ హెన్రీ ప్రభుత్వము ఈ దేశమును ఇంగ్లండుతో ఏకము గావించుచు, న్యాయస్థానములలో ఇంగ్లీషు తప్ప వేఱుభాష చెల్లదనియు, దేశభాషయైన వెల్షు మాత్రమే యెఱిగినవారు ఉద్యోగములకు అనర్హులనియు శాసించెను. అట్లు రాజద్వారమున చోటు కోల్పోయిన భాషకు ఆ హెన్రీ కుమార్తె యెలిజబెత్తు కాలముననే మతము ఆశ్రయమిచ్చినది. ప్రజలు ప్రొటెస్టెంటు మతమున నిలువవలెనన్న వారికి తెలిసిన భాషలో బైబిలు ఉండక తప్పదని తలచి 1563లో పార్లమెంటు అనువాదమునకు శాసనము చేయగా, 1588లో విలియం మోర్గను సమగ్రానువాదమును ప్రకటించెను. ఈ గ్రంథమే లేకున్న వెల్షుభాష మాండలికములుగా చీలి క్షీణించియుండెడిదని నా విశ్వాసము. పదునెనిమిదవ శతాబ్దమున గ్రిఫిత్ జోన్సు నెలకొల్పిన సంచార పాఠశాలలు, ఒక గ్రామమున కొద్ది నెలలు నిలిచి పిమ్మట మఱియొక గ్రామమునకు సాగుచు, రైతులకును కూలీలకును ఆ భాషలోనే చదువు నేర్పెను.

శాసనము చేయలేని హాని తిరస్కారము చేసినది. లండను ప్రభుత్వము పంపిన మువ్వురు విచారణాధికారులు, తమకు వెల్షు రాకున్నను, ప్రజల అజ్ఞానమునకును దుర్నీతికిని వారి భాషయు వారి ప్రార్థనామందిరములును కారణములని 1847లో నివేదించిరి. ఆ నివేదిక అట్టల రంగునుబట్టి వెల్షువారు నేటికిని దానిని ‘నీలిపుస్తకముల ద్రోహము’ అని వ్యవహరింతురు. ఆ శతాబ్దమున అనేక పాఠశాలలలో ఒక కొయ్యముక్క యుండెడిది. వెల్షు పలికిన బాలుని మెడలో దానిని వ్రేలాడదీయుదురు. ఆ బాలుడు తనవలెనే తల్లిభాష పలికిన మఱియొకని పట్టియిచ్చి దానిని వానికి తగిలించును. సాయంకాలమునకు అది యెవని మెడనున్న వానికి దెబ్బలు. పసివానిచేత పసివానిని పట్టించుటకంటె క్రూరమైన శిక్ష యేమి కలదు? బిడ్డల యున్నతికి ఇంగ్లీషే శరణ్యమని నమ్మి తల్లిదండ్రులు పలువురు దీనికి సమ్మతించుట మఱింత దుఃఖకరము.

ఇరువదవ శతాబ్దారంభమున సుమారు సగముమంది మాటాడుచుండిన భాష 1961 నాటికి నలుగురిలో ఒకరికి మిగిలినది. పూనిక వహింపకున్న ఇది నశించునని 1962లో రచయిత సాండర్స్ లూయిస్ రేడియోలో చేసిన ప్రసంగము యువకులను కదల్చినది. అంతలో లివర్‌పూలు నగరపు నీటికొఱకు, వేల్సు పార్లమెంటు సభ్యులు దాదాపందరును ప్రతిఘటించినను లెక్కచేయక, కాపెల్ కెలిన్ అను గ్రామమును, దాని బడితోను ప్రార్థనామందిరముతోను పొలములతోను, 1965 నాటికి జలాశయమున ముంచివేసిరి. యువకులు ఇంగ్లీషు పేరులు మాత్రమే గల దారిపలకలపై రంగు పూసి కారాగారములకు పోయిరి. 1980లో వెల్షు జాతీయపక్ష నాయకుడు గ్విన్‌ఫోర్ ఎవాన్స్, వెల్షు టెలివిజనునుగూర్చిన వాగ్దానము నెరవేర్పనిచో ఆమరణ నిరాహారదీక్ష పూనుదునని ప్రకటింపగా ప్రభుత్వము దిగివచ్చి, 1982లో ప్రసారములు మొదలైనవి. 2011 నాటి శాసనము వెల్షుకు అధికారభాషాస్థానము నిచ్చెను.

1939లో అబెరిస్ట్విత్ పట్టణమున ఏడుగురు పిల్లలతో ఒక బడిలో ఆరంభమైన వెల్షుమాధ్యమ బోధన నేడు దేశమంతట వ్యాపించినది. రాజధాని కార్డిఫ్‌లో, ఇంట ఆ భాష లేని కుటుంబములవారే తమ బిడ్డలను కోరి ఈ బడులకు పంపుచున్నారు; వంశమునుబట్టి సంక్రమించు స్వత్వము ఎన్నుకొని స్వీకరించునది యగుట నాకు శుభసూచకముగా తోచుచున్నది. కాని వాయవ్యమున, భాషకు పట్టుగొమ్మయైన గ్వినెడ్ సీమలో, బయటి ధనికులు సెలవులకై ఇండ్లు కొనుటచే ధరలు పెరిగి, స్థానిక యువకులు ఊరు విడుచుచున్నారు. 2021 జనాభా లెక్కలలో దేశమంతటను వెల్షు వచ్చినవారు 17.8 శాతమునకు తగ్గిరి; 2050 నాటికి పదిలక్షలమంది కావలెనన్నది ప్రభుత్వ సంకల్పము. యువకులు ఇట్లు ఊరు విడుచుటచేతనే భాషారక్షణకై జరుగు చర్చ ఇండ్ల ధరలవఱకు సాగినది. ఇట్టి రెండవ యిండ్లపై 300 శాతమువఱకు అదనపు పన్ను విధించు అధికారము 2023 ఏప్రిలునుండి స్థానిక సంస్థలకు లభించినది.