మగత మందులు, పగటి పనులు

మనోవ్యాధుల చికిత్సలో మగతను దుష్ఫలితంగా లెక్కించడం ఇటీవలి అలవాటు. 1869లో వైద్యంలోకి వచ్చిన క్లోరల్ హైడ్రేట్ అనే నిద్రమందు మొదలుకొని చాలాకాలం వైద్యులు మందు నుంచి ఆశించినది రోగి నెమ్మదించి నిద్రపోవడమే. ఆ వరుసలోనే 1931లో భారతీయ వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ సర్పగంధి వేరు ఉన్మాదానికీ రక్తపోటుకూ పనికివస్తుందని ప్రకటించారు.

1950 డిసెంబరులో ఫ్రాన్స్‌లోని రోన్-పులెంక్ సంస్థలో పాల్ షార్పాంతియే రూపొందించిన క్లోర్‌ప్రోమజైన్‌ను, 1952లో పారిస్‌లోని సెంతాన్ ఆసుపత్రిలో వైద్యులు డిలే, డెనికేర్ మనోరోగులకు ఇచ్చి, ఉద్రేకమూ భ్రాంతులూ తగ్గడాన్ని నమోదు చేశారు. ఇది అలెర్జీని అణచే యాంటీహిస్టమిన్ మందుల పరిశోధన నుంచి పుట్టినది కనుక, మెదడును మెలకువగా ఉంచే హిస్టమిన్ అనే రసాయనాన్ని అడ్డుకొని మగత కలిగిస్తుంది.

ఆసుపత్రి గోడల నడుమ ఆ మగత యాజమాన్యానికి సౌకర్యమే అయింది (రోగి మాట వేరు). రోగులు ఇంటికి చేరి, కొలువుకో కళాశాలకో వెళ్లవలసి వచ్చాకే అది సమస్యగా కనబడింది. అర్ధాయువు, అనగా రక్తంలో మందు సగానికి తగ్గేందుకు పట్టే కాలం, ఇటువంటి పలు మందులకు ఎక్కువని తేలడంతో, రోజుకు మూడు నాలుగు సార్లుగా పంచే మోతాదును రాత్రి పడుకోబోయే ముందు ఒక్కసారిగా ఇచ్చే పద్ధతి వ్యాపించింది. రాత్రి షిఫ్టు ఉద్యోగికీ, తెల్లవారుజామున చదివే విద్యార్థికీ ఈ ఏర్పాటు పూర్తిగా నప్పదు కాబట్టి, దినచర్యను అడిగి తెలుసుకొని మోతాదు వేళను నిర్ణయించవలసినది వైద్యుడే. మగత భరించలేక రోగి తనంతట తాను మందు మానివేయడం వ్యాధి తిరగబెట్టడానికి నేటికీ ఒక ముఖ్య కారణం.