దొంగిలించిన టపా

అమెరికా బంగారు వేట కాలం నాటి తపాలా కవర్లు ఇప్పుడు అరుదైన వస్తువులు. వాటిని సేకరించేవాళ్లు స్టాంపునూ ముద్రనూ చూస్తారు. ఆదివాసులుగా మనం ఆ టపా ఎవరి నేల మీదుగా నడిచిందో కూడా చూడాలి.

1848 జనవరి 24న కాలిఫోర్నియాలోని కొలోమా దగ్గర బంగారం కనబడింది. అది నిసెనాన్ ఆదివాసుల నేల. మరుసటి ఏడాదికి వేలాదిమంది వచ్చిపడ్డారు. వాళ్ల ఉత్తరాలు న్యూయార్క్ నుంచి ఓడలో పనామాకు వచ్చేవి. అక్కడ పడవల్లో, కంచరగాడిదల మీద అడవి దాటి, మళ్లీ ఓడెక్కి శాన్ ఫ్రాన్సిస్కో చేరేవి. అర ఔన్సు ఉత్తరానికి 40 సెంట్లు. 1853లో ప్రభుత్వం స్టాంపు ముద్రించిన కవర్లు తెచ్చింది. వాటి మీద వెల్స్ ఫార్గో కంపెనీ తన ముద్ర కూడా వేసి గనుల ఊళ్ల దాకా అందించేది.

ఓడదారి ఆలస్యమని 1860 ఏప్రిల్‌లో గుర్రాల టపా పెట్టారు. దాని పేరు పోనీ ఎక్స్‌ప్రెస్. సెయింట్ జోసెఫ్ నుంచి శాక్రమెంటో దాకా సుమారు 1,900 మైళ్లు, పది రోజుల ప్రయాణం. అర ఔన్సుకు మొదట్లో 5 డాలర్లు తీసుకున్నారు.

ఆ దారి షోషోనీ, పాయూట్ ప్రజల నేల మీదుగా పోయింది. వచ్చినవాళ్ల పశువులు అక్కడి గడ్డిని మేసేశాయి. పాయూట్‌లకు చలికాలపు తిండి పైన్ గింజలు. ఆ చెట్లను గనుల కోసం నరికారు. ఆ దారిలోని విలియమ్స్ స్టేషన్‌లో ఉన్నవాళ్లు ఇద్దరు పాయూట్ ఆడపిల్లలను పట్టి దాచారు. మే నెలలో పాయూట్‌లు స్టేషన్ మీద పడి, దాన్ని తగలబెట్టి, పిల్లలను విడిపించుకున్నారు. దాంతో యుద్ధం మొదలైంది. గుర్రాల టపా కొన్ని వారాలు ఆగిపోయింది.

ఆ ఏడాదే దారిలో పోయిన ఒక టపా సంచి 1862లో దొరికింది. అందులోని ఒక కవరు మీద, 1860లో ఇండియన్లు దొంగిలించిన టపాలో దొరికింది అని రాశారు. ఇండియన్లు అంటే అక్కడి ఆదివాసులే. టపా పోతే దొంగతనమని కవరు మీదే రాశారు. గడ్డి పోయినందుకు, చెట్లు పోయినందుకు, పిల్లలను ఎత్తుకుపోయినందుకు ఏ కవరు మీదా ముద్ర పడలేదు.

ఆ పిల్లల సంగతిని పాయూట్ స్త్రీ సారా విన్నెముక్కా 1883లో తన పుస్తకంలో రాసింది. తర్వాత పాయూట్ పిల్లల కోసం బడి కూడా పెట్టింది.

మనకూ ఆ పని ఉంది. మన ఊరికి మొదటి రోడ్డు ఎవరి కోసం వేశారు? ఎవరి చేను మీదుగా పోయింది? రాళ్లు ఎవరు మోశారు? చెప్పగల పెద్దలు ఉండగానే అడిగి, పిల్లల చేత రాయిద్దాం.