గనికి పోయిన దూదేకులాయన

"మీరు ఎక్కడినుంచి వచ్చినారు?"

ఈ ప్రశ్న బడిలో చేరినప్పటినుంచీ నా వెంటే ఉంది. అడిగేవాళ్ల మనసులో జవాబు ముందే తయారుగా ఉంటుంది. పడమటినుంచి, ఏ అరబ్బు దేశంనుంచో, గుర్రమెక్కి కత్తి పట్టుకొని వచ్చినామని. మాకు గుర్రం ఏనాడూ లేదు. ఉన్నదల్లా దూదేకే విల్లు. మాది పెద్దముడియం. మా ఇంట్లో వచ్చినవాళ్ల కథ ఒక్కటీ లేదు. పోయినవాడి కథ మాత్రం ఒకటుంది.

మా జేజి చెప్పేది: "మీ జేజినాయనకు నాయన, బంగారు గనులకు పోయినాడు నాయనా. మనిషి మళ్లా రాలేదు. ఎవురితోనో ఒగసారి దుడ్లంపినాడంట." అంతే కథ. అంతకు మించి ఒక్క కాగితం లేదు.

1848లో కాలిఫోర్నియాలో బంగారం దొరికింది. లోకం పడమటికి పరుగెత్తింది. 1851లో ఆస్ట్రేలియాకు పరుగెత్తింది. ఆ పోయినవాళ్ల మునిమనవళ్లు ఈరోజు ఓడల జాబితాలు వెతుక్కుంటారు, సమాధిరాళ్లు చదువుకుంటారు, మా తాత మార్గదర్శి అని చెప్పుకుంటారు. మా తాత పడమటికి కాదు, దక్షిణానికి పోయినాడు. కోలారుకు. మాకు ఓడ జాబితా లేదు కాబట్టి కారణాలను పట్టుకొని వెతకాల్సిందే.

పెద్దముడియం కుందూ ఒడ్డు. నల్లరేగడి నేల. జొన్న, కొర్ర, పత్తి. తూర్పు చాళుక్యుల శాసనాలు చెప్పే ముడివేము అగ్రహారం ఈ ఊరేనంటారు చరిత్రకారులు. ఊరి చరిత్రలో రాజులకు చోటు దొరికింది. పత్తి ఏకినవాళ్లకు దొరకలేదు. దూదేకుల అంటే వృత్తి. వాకిలి వాకిలీ తిరిగి దూది ఏకి, పరుపులు, దిండ్లు కుట్టి గింజలు తెచ్చుకునే బతుకు. రైలు వచ్చింది, పత్తి బేళ్లు కట్టుకొని రేవులకు పోయింది. మిల్లు గుడ్డ ఊళ్లోకి వచ్చింది. రాట్నం ఆగితే ఏకే విల్లూ ఆగుతుంది.

ఆ మీద 1876-78 ధాతు కరువు. కడప, కర్నూలు, బళ్లారి ప్రాంతాలు ఎండిపోయినాయి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనికి వచ్చిన మగమనిషి కూలి తగ్గించినాడు. రోజుకు ఒక పౌను గింజలు, అంటే సుమారు 450 గ్రాములు, మీద ఒక అణా. ఆ గింజలు తిని బతికిన పిల్లల్లో మా ముత్తాత ఒకడు. పెద్దయినాక ఊళ్లో ఉండడానికి అతనికి ఏం మిగిలింది?

కోలారు దగ్గర బంగారం ఉందని 1802లో జాన్ వారెన్ అనే సైనికాధికారి చూసి రాసినాడు. అప్పటికే స్థానికులు అక్కడ మట్టి కడిగి, గోతులు తవ్వి బంగారం తీస్తున్నారు. 1875లో మైకేల్ లావెల్ మైసూరు సంస్థానంనుంచి తవ్వుకునే హక్కు పొందినాడు. 1880 తర్వాత జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ దిగింది. పుస్తకాల్లో మార్గదర్శులు వీళ్లే. లోపలికి దిగినవాడు కూలీ.

ముద్దనూరుదాకా నడక, మధ్యలో జమ్మలమడుగు దగ్గర పెన్న దాటాలి. అక్కడ రైలెక్కితే కడప, రేణిగుంట, అరక్కోణం, జోలార్‌పేట, బౌరింగుపేట. ఇప్పుడు దాన్ని బంగారుపేట అంటారు. పేదవాడు పోగలిగిన దారి ఇది. అక్కడ చేరినవాళ్లలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు తమిళ దళితులు. వాళ్ల పక్కన తెలుగువాళ్లు, ముస్లింలు. భూమిలోకి దిగేకొద్దీ ఉక్క, రాతి దుమ్ము, ఉన్నట్టుండి పేలి విరుచుకుపడే బండలు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మనిషిని మెల్లగా చంపుతుంది. 1902లో శివసముద్రంనుంచి కరెంటు వచ్చింది. అది ముందు యంత్రాలకు.

ఛాంపియన్ రీఫ్ గని చివరికి మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. 2001లో గనులు మూసేసేనాటికి మొత్తం మీద సుమారు 800 టన్నుల బంగారం తీసినారు.

మూసేసినాక నేను పోయినాను. సైనైడు మట్టి గుట్టలు, తుప్పు పట్టిన షాఫ్టులు. ఆండర్సన్‌పేటలో ఒక ముసలి సాయిబు నాతో ఉర్దూలో మొదలుపెట్టి, తమిళంలోకి పోయి, నా తడబాటు చూసి తెలుగులోకి వచ్చినాడు. "ఏ ఊరు బాబూ మీది?" అన్నాడు. ఎక్కడినుంచి వచ్చినారని అడగలేదు. ఆ రెండు ప్రశ్నలకూ మధ్య ఎంత దూరముందో అక్కడ తెలిసింది.

పేరు చెప్పమన్నాడు. మా వాళ్ల పేర్లు హుస్సేనప్ప, మస్తానయ్య, దస్తగిరమ్మ. గుమాస్తా రిజిస్టరులో హుస్సేన్ అని రాస్తే తురక, అప్ప అని రాస్తే హిందువు. మా వాడు ఏ గడిలో పడినాడో! ఈరోజుకీ అదే గడి. దూదేకులకు బీసీ-బి, మరికొన్ని పేద ముస్లిం వర్గాలకు 2007నుంచి బీసీ-ఇ. మసీదులో కొందరికి మేం సగం ముస్లింలం. ఊళ్లో అందరికీ నిండు సాయిబులం. నాయన అంటాం, అబ్బా అనం. తెలుగులోనే ఏడుస్తాం, దువా కూడా తెలుగులోనే అడుగుతాం. ఎవరి లెక్కకు సరిపోవాలి మేం?

వేలిముద్రల రిజిస్టరైనా ఉంటుందేమోనని ఆశపడినాను. అప్పుడు చదివినాను, 1930లో కార్మికులందరి వేలిముద్రలూ తీసుకుంటామని కంపెనీ అంటే వేలమంది పని మానేసినారు. దొంగల మాదిరి ముద్ర వేయమన్నారు. పస్తులున్నారు. కంపెనీ వెనక్కి తగ్గింది. అది చదివినాక సిగ్గేసింది. ఏ ముద్ర వేయనని వాళ్లు పోరాడినారో ఆ ముద్ర కోసమే నేను తిరుగుతున్నాను.

తిరిగి వస్తూ ప్రొద్దుటూరులో దిగినాను. బంగారు అంగళ్ల వీధి. మా జేజి కమ్మలు ఈ ఊళ్లోనే కుదువకు పోయి మళ్లీ ఇంటికి రాలేదు. అద్దాల వెనక నగలు మెరుస్తున్నాయి. ఇందులో ఏ తునక మా ముత్తాత మోసుకొచ్చిన రాతిలోదో ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు ఎవరైనా ఎక్కడినుంచి వచ్చినారని అడిగితే నా దగ్గర జవాబుంది. పెద్దముడియంనుంచి. మాలో ఒకడు ఈ నేలలో మూడు కిలోమీటర్ల లోతుకు పోయిన ఆ గనుల్లోకి దిగినాడు. ఈ దేశంలో అంతకంటే లోతుగా వేళ్లున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.